పాదం అంచు

కట్ట విప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు పైదుమ్మును మెత్తటి కుంచెతో ఒకవైపుకే తుడవాలి. ముడి ఎంత బిగిసినా తాడు కోయకూడదు, ఓపిగ్గా విప్పాలి. గుడ్డను నాలుగు వైపులా తెరిచి, లోపలున్న తాటాకుల పుస్తకాన్ని రెండరచేతుల మీద ఎత్తి కుడిపక్క బల్ల మీద పెట్టాలి. గుడ్డను ఎడమపక్క వేలాడదీసిన ఎరువుల సంచిలో పడేయాలి.

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆచాన్ రుజిరా మొదటిరోజు పొద్దున ఇదంతా స్వయంగా చేసి చూపించింది. ముక్కుకి ముసుగు, చేతులకి తొడుగులు, జుట్టుకి ప్లాస్టిక్ టోపీ పెట్టుకున్న ఆ పంతులమ్మ చుట్టూ నోంగ్‌సిమ్ ఊరి ఆడవాళ్ళు నలుగురు చేరి, కొత్త వంట నేర్చుకుంటున్నట్టు చూశారు. వరికోతలు ఇంకా మొదలవలేదు కాబట్టి పనికి వచ్చారు. కోతలు మొదలైతే పుస్తకాలు దులపడానికి ఎవరు దొరుకుతారు?

విహారం ఆవరణలోని ఆ పాత చెక్క మండపాన్ని ఊళ్ళో అందరూ మ్యూజియం అంటారు. రెండు వానాకాలాలుగా దాని కప్పు కారుతోంది. చెదలు స్తంభాలెక్కి అటక దాకా చేరాయి. ఇక్కడే ఉంటే అంతా మట్టయిపోతుందని పెద్దస్వామి ఆలోచించి, సామాను మొత్తం పట్నంలోని యూనివర్సిటీ లైబ్రరీకి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అందులో తప్పేమీ లేదు. ఏళ్ళ తరబడి మ్యూజియం తాళంచెవి నడుముకి కట్టుకుని తిరిగిన ప్రనోమ్ కూడా తప్పనలేదు. చీపురుతో చెదల్ని ఎన్నాళ్ళని కొడుతుంది?

సామానంటే చాలా ఉంది. ఏనాడూ మాట్లాడని రేడియో, జపాను సైనికుడు వదిలిపోయిన నీళ్ళ సీసా, పడవ పందేల తెడ్లు, వక్కాకుల పెట్టెలు, మీసాలున్న పాతకాలం ఊరిపెద్దల ఫొటోలు అన్నీ వెళ్తున్నాయి. ప్రతిదానికీ ఒక అంకె, ఒక అట్టపెట్టె. రేడియోకైతే కింద స్పాంజి పరుపు కూడా వేశారు. బీరువాల్లోని తాటాకు పుస్తకాలకి మిల్లు నుంచి తెప్పించిన తెల్ల నూలు గుడ్డ చుట్టి, కొలతకి చేయించిన పెట్టెల్లో పెడుతున్నారు.

రెండో బీరువాలోంచి ఆ కట్ట వస్తుందని ప్రనోమ్‌కి తెలుసు. మధ్యాహ్నానికి వచ్చింది. ముడి మీద చెయ్యి వేసి ఆగింది. లక్క ఎరుపు పట్టు సిన్, ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే గుడ్డ, దాని మీద నాగుల వంకర్లు. మడతల్లో రంగు ఇంకా కొత్తగానే ఉంది, బయటికి కనిపించే చోట మాత్రం ఎండిన ఆకులా వెలిసిపోయింది. ఒక మూల ఎలుక కొట్టిన చిల్లు. కింది వైపు అంచు ఉండాల్సిన చోట అంచు లేదు, పాత కుట్టు తాలూకు సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి.

“ఒసేయ్ ప్రనోమ్, అది మీ అమ్మ సిన్ కాదుటే?” అంది పక్క బల్ల దగ్గరున్న తొంగ్‌బై. ఆమె నోట్లో నువ్వు గింజ నానదు. “మా అమ్మ చెప్పేది. అంత మంచి సిన్ ఈ చుట్టుపక్కల ఎవరూ నడుముకి చుట్టలేదంట. పెళ్ళికి ఒక్కసారి కట్టి, పుస్తకానికిచ్చేసిందంట.”

“ఊఁ.”

“నువ్వు పుట్టిన ఏడే కదా ఇచ్చింది?”

ప్రనోమ్ ముడి విప్పసాగింది. తొంగ్‌బైకి జవాబుతో పని లేదు. ఊరందరికీ తెలిసిన సంగతే. కొడుకు సన్యాసం పుచ్చుకుంటే వాడి కాషాయం అంచు పట్టుకుని తల్లి స్వర్గానికి పోతుంది. ప్రనోమ్ తల్లి కంపున్‌కి ముగ్గురూ ఆడపిల్లలే. మూడోది కూడా ఆడపిల్లే అని మంత్రసాని చెప్పిన ఏడాది ఆమె తన పెళ్ళి సిన్ విప్పి ధర్మగ్రంథానికి చుట్టబెట్టమని విహారంలో ఇచ్చింది. పుస్తకానికి తన గుడ్డ ఉన్నంతకాలం తనకీ పట్టుకోవడానికి ఒక అంచు ఉన్నట్టే అని ఆమె లెక్క. ఆ మూడో ఆడపిల్ల ప్రనోమే. తాను మగపిల్లాడై పుట్టి ఉంటే ఈ గుడ్డతో పనే ఉండేది కాదని ఆమెకి ఊహ తెలిసిన దగ్గర్నించీ తెలుసు.

“ఆచాన్‌గారూ, ఈ గుడ్డలేం చేస్తారు?” అని అడిగింది.

రుజిరా ముసుగు కిందికి లాగింది. ఆమె చెడ్డ మనిషి కాదు, ముఖం చిన్నబుచ్చుకునే చెప్పింది. “మా లైబ్రరీలోకి బట్టలు రానివ్వరు, అక్కా. పురుగు ఉంటుంది, బూజు ఉంటుంది. పాత రంగులు ఆకులకి దిగుతాయి. వస్త్రాల శాఖ వేరే ఉంది, వాళ్ళనడిగాను. వాళ్ళకి చోటు లేదన్నారు. రంగు వెయ్యని నూలు గుడ్డ మాత్రమే పుస్తకానికి చుట్టమన్నారు. పాతవి కాల్చెయ్యమన్నారు.”

“రేడియోకి చోటుంది కదండీ?”

“రేడియోకి ఉంది,” అని ఒప్పుకుంది రుజిరా. మళ్ళీ ముసుగు పైకి లాక్కుంది.

ప్రనోమ్ గుడ్డను తెరిచింది. పుస్తకాన్ని ఎత్తి కుడిపక్క పెట్టింది. సిన్‌ని మడిచి, సంచిలో పడేయకుండా మెల్లగా అడుగున సర్దింది. పద్ధతిలో ఆ సర్దడం లేదు. రుజిరా అది చూసి తన బల్ల వైపు తిరిగింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల్లి ఇనప్పెట్టె తెరిచి కూర్చుని ఉంది. చలి మొదలయ్యే రోజుల్లో కంపున్ ఏటా తన ప్రయాణం మూట ఎండకి వేసి మళ్ళీ సర్దుకుంటుంది. ప్రయాణం అంటే ఆఖరి ప్రయాణమే. కళ్ళు బాగున్న రోజుల్లో తానే వడికి, తానే నేసుకున్న తెల్ల నూలు గుడ్డ, ఒక జాకెట్టు, నోట్లో పెట్టడానికి ఒక వెండి బిళ్ళ. వాటి అడుగున చుట్టలా చుట్టిన సన్నటి పట్టు ముక్క ఒకటి. అది ఆ పెళ్ళి సిన్ పాదం. సిన్‌కి తల, ఒళ్ళు, పాదం అని మూడు భాగాలు విడిగా నేసి కలుపుతారు. కాళ్ళని తాకే పాదం పుస్తకానికి తగలకూడదని, దాన్ని విప్పి దాచుకుని మిగతాది ఇచ్చింది.

“నాది కట్టారా?” అంది కంపున్, తలెత్తకుండానే.

“ఆఁ.”

“ముడి గట్టిగా వేశావా? దార్లో గతుకులెక్కువ. ఊడిపోతుంది.”

“గట్టిగానే వేశానమ్మా.”

“మంచి పెట్టెలో పెట్టారా?”

“మనింటి బీరువా కంటే మంచి పెట్టె. అన్నం తిందువు గాని రా.”

జిగురన్నం బుట్ట, ఊరచేప కారం, ఉడికించిన కాకరాకు మధ్యలో పెట్టుకుని ఇద్దరూ తిన్నారు. కంపున్ ఆవాళ రెండు ముద్దలు ఎక్కువే తింది. పుస్తకం పట్నం పోతోంది, అక్కడ గది గదికీ చల్లటి గాలి యంత్రం ఉందంట, తన సిన్ చల్లగా ఉంటుందని నవ్వింది. ప్రనోమ్ ఒకే ముద్దని కారంలో అద్దుతూ కూర్చుంది. అబద్ధం ఆడటం పెద్ద విషయం కాదు, దాన్ని మోయడమే కష్టం. లారీ వచ్చి వెళ్ళిపోతే చాలు, తర్వాత అమ్మకి ఎవరు చెబుతారులే అనుకుంది. తొంగ్‌బై సంగతి ఆమె మరిచిపోయింది.

మర్నాడు తెల్లవారి భిక్షువులు వీధిలోకి వచ్చేటప్పుడు ఆడవాళ్ళంతా చాపల మీద మోకాళ్ళేసి అన్నం బుట్టలతో కూర్చున్నారు. తొంగ్‌బై కంపున్ పక్కనే చేరింది. ప్రనోమ్ ఇంట్లో పొయ్యి దగ్గర ఉంది కాబట్టి ఆపడానికి లేకపోయింది.

“పెద్దమ్మా, నీ సిన్ ఎంత బాగుందే! నిన్న సంచిలో వేస్తుంటే ప్రాణం ఉసూరుమంది.”

“ఏ సంచి?”

“ఎరువుల సంచి. గుడ్డలన్నీ అందులోనేగా. పుస్తకాలు మటుకు పోతున్నాయి.” చెప్పేశాక తొంగ్‌బైకి నాలుక కొరుక్కోవాలని తోచింది. కానీ అప్పటికే భిక్షువులు దగ్గరికి వచ్చేశారు.

కంపున్ ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్క ముద్ద వేసింది. ఆఖరి భిక్షువు దాటాక చేతులు జోడించింది. ఇంటికి వచ్చి కూతురి ముందు నిలబడింది. “బండి తియ్యి,” అంది అంతే. తిట్టినా బాగుండేదని ప్రనోమ్‌కి అనిపించింది. మోటారు సైకిలుకి వెనక తగిలించిన తొట్టిలో ముసలామెను కూర్చోబెట్టి, గతుకు గతుకుకీ వెనక్కి చూస్తూ విహారానికి తీసుకెళ్ళింది.

రుజిరా పెట్టెల మీద చీటీలు అంటిస్తోంది. కంపున్ నేరుగా వెళ్ళి ఆమె ఎదురుగా చాప మీద కూర్చుంది. వక్కాకు సంచీ తీసింది. ఆకుకి సున్నం రాసింది. ఆ తర్వాత అడిగింది.

“నీకు కొడుకులున్నారా, అమ్మాయీ?”

“లేరు, అమ్మమ్మా. ఒక్క కూతురు.”

“మరి పోయేప్పుడు ఏది పట్టుకుని పోతావు?”

రుజిరా నవ్వబోయి, ముసలామె నవ్వడం లేదని చూసి మానేసింది. “నేనెప్పుడూ ఆలోచించలేదు.”

“వయసులో ఉన్నావు, ఆలోచించవు. సరే, ఇప్పుడు పుస్తకానికి చుట్టిన ఆ తెల్లగుడ్డ ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు. యూనివర్సిటీ బడ్జెట్లో కొన్నాం.”

“అంటే పుణ్యం బడ్జెట్‌కి పోతుందా?”

బల్లల దగ్గరున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తొంగ్‌బై నవ్వి, మళ్ళీ ప్రనోమ్ ముఖం చూసి కుంచె పట్టుకుంది. రుజిరాకి కూడా నవ్వొచ్చింది, దాంతో పాటు సిగ్గూ వచ్చింది. పక్కకి వెళ్ళి లైబ్రరీకి ఫోను చేసింది. ఈ ఒక్క గుడ్డని గాజు కింద విడిగా పెట్టొచ్చేమో అని అడిగింది, పురుగు మందు తానే పట్టిస్తానంది. అవతలివాళ్ళు ఏమన్నారో వినబడలేదు గాని, ఆమె తిరిగొచ్చేటప్పుడు నడకలోనే తెలిసిపోయింది.

“ఒక్కదాన్ని ఒప్పుకుంటే అన్నీ ఒప్పుకోవాలంటున్నారు. నా చేతిలో లేదు, అమ్మమ్మా. మన్నించండి.”

“నిన్నెవరన్నారు?” అంది కంపున్. “పుస్తకం రాసినవాడి పేరు చీటీ మీద రాశావు. రాయించినవాడి పేరు రాశావు. ఇన్నేళ్ళూ చెదలకీ ఎలుకలకీ అడ్డం నిలబడ్డది ఎవరో అది మటుకు సంచిలోకి పోయింది. నీ తప్పు కాదులే. లోకం ఉన్నదే అట్లా.”

ఈ గోలకి పెద్దస్వామి తన గదిలోంచి కర్ర పట్టుకుని వచ్చారు. ఆయనకి మధ్యాహ్నం లోపల ఎవరైనా గట్టిగా మాట్లాడితే తలనొప్పి. సంగతి విని, ఎరువుల సంచి కేసి చూసి, కాసేపు గడ్డం గోక్కున్నారు.

“విహారానికి ఇచ్చినదాన్ని ఊరికే పట్టుకుపోతే పాపం. కాలబెడితే మీ మనసు ఊరుకోదు. ఒక దారుంది. దానికి సమానమైందో, అంతకంటే మంచిదో ఇచ్చి మార్చుకోవచ్చు. ఎవరి గుడ్డ వాళ్ళు అట్లా తీసుకెళ్ళండి,” అన్నారు.

మిగతా ఆడవాళ్ళ ముఖాలు వికసించాయి. తొంగ్‌బై అప్పుడే వాళ్ళమ్మ గుడ్డ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. కంపున్ మాత్రం లేచి నిలబడింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

“కక్కింది మళ్ళీ తింటామా, స్వామీ? ఇచ్చాను. ఇచ్చేటప్పుడు మళ్ళీ తీసుకుంటానని ఇవ్వలేదు,” అంది. కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని బండి దగ్గరికి నడిచింది.

ఆ రోజంతా ఆమె ఏమీ తినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

“అమ్మా, నిన్న అబద్ధం చెప్పాను,” అంది ప్రనోమ్.

“తెలుసు. కట్టేటప్పుడు నువ్వెప్పుడూ ముడి గట్టిగా వెయ్యవు. గట్టిగా వేశానన్నప్పుడే అనుమానం వచ్చింది.”

“నేను మగాణ్ణయి పుడితే నీకీ బాధ ఉండేది కాదు.”

ప్రనోమ్ లేవబోతుంటే కంపున్ గోడతోనే అన్నట్టు అంది. “మగాడివయ్యుంటే మన ఊరి మగాళ్ళందరిలాగే పెళ్ళయి పెళ్ళాం ఊరికి ఇల్లరికం పోయేవాడివి. నాకు గంజి ఎవరు కాచేవారు? పోయి పొయ్యి చూడు, ఏదో మాడుతోంది.”

ఏమీ మాడటం లేదు. అయినా ప్రనోమ్ వెళ్ళి చూసింది.

మూడో రోజు లారీ వచ్చింది. పెట్టెలన్నీ మండపం మెట్ల మీదికి చేర్చారు. ప్రనోమ్ కూడా మోస్తోంది. ఇంటి దగ్గర తల్లి నిద్ర లేవకముందే వచ్చేసింది, ఆవిడ ముఖం చూసే ధైర్యం లేక. సగం పెట్టెలు ఎక్కించాక తొట్టి బండి చప్పుడైంది. తొంగ్‌బై మొగుడు నడుపుతున్నాడు. తొట్టిలో కంపున్ కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద అల్యూమినియం గిన్నె, అందులోంచి ఆవిరి.

“ఎవరైనా పట్టుకోండి, ఒళ్ళు కాలుతోంది!” అని అరిచింది.

ప్రనోమ్ పరిగెత్తుకెళ్ళి అందుకుంది. గిన్నెలో ఉడికిన తెల్ల గుడ్డ ఉంది. గంజి పోయేదాకా బూడిద నీళ్ళలో ఉడికించి, మంచినీళ్ళలో మళ్ళీ ఉడికించి తెచ్చింది. ఏ గుడ్డో చూడగానే ప్రనోమ్‌కి తెలిసింది. ప్రయాణం మూటలోది.

“రంగు వెయ్యలేదు. నూలే. నా చేత్తో వడికిందే,” అంది కంపున్ రుజిరాతో. “మీ లైబ్రరీవాళ్ళకి ఇది పనికొస్తుందా, దీనికీ ఫోను చేస్తావా?”

రుజిరా తొడుగు తీసేసి, తడి గుడ్డను వట్టి వేళ్ళతో పట్టుకుని చూసింది. అంచులు చూసింది, నేత చూసింది. “పనికొస్తుంది. ఫోను అక్కర్లేదు. కానీ పూర్తిగా ఆరాలి, అమ్మమ్మా. చెమ్మ ఉంటే ఆకులు పాడైపోతాయి.”

“అమ్మా, ఇది నీ…” అని ప్రనోమ్ ఆగిపోయింది.

“నాదే. ఎవరిదో అయితే తెస్తానా?”

లారీ డ్రైవరు గొణిగాడు. చీకటిపడేలోగా పట్నం చేరకపోతే గోడౌన్ మూసేస్తారన్నాడు. రుజిరా అతనికి కాఫీ తాగిరమ్మని చెప్పి పంపింది. గుడ్డకి ఒక కొస తొంగ్‌బై, ఒక కొస ప్రనోమ్ పట్టుకుని ఎండలో నిలబడి దులిపారు. దులిపినప్పుడల్లా సన్నటి తుంపర ముఖాల మీద పడింది. మధ్యమధ్య చేతులు నొప్పెట్టి మిగతా ఇద్దరికీ ఇచ్చారు. కంపున్ మెట్టు మీద కూర్చుని, ఆ మూల ఇంకా చెమ్మగానే ఉంది, ఇటు తిప్పండి, ఎండకి ఎదురుగా నిలబడండి అని అజమాయిషీ చేసింది. కాఫీకి పోయిన డ్రైవరు తిరిగొచ్చి, ఎంతకీ ఆరకపోయేసరికి తానూ ఒక కొస పట్టుకున్నాడు.

ఆరాక రుజిరా పెట్టె తెరిచింది. మిల్లు గుడ్డ విప్పి పక్కన పెట్టింది. “మీరే చుట్టండి,” అంది ప్రనోమ్‌తో. ప్రనోమ్ చుట్టింది. మనిషి ఒంటికని నేసిన గుడ్డ కాబట్టి పుస్తకానికి చాలా పెద్దదైంది. కోయకుండా మడతమీద మడత వేసి చుట్టింది. ముడి వేసేటప్పుడు తల్లి కేసి చూసింది.

“గట్టిగా,” అంది కంపున్.

“చీటీ మీద మీ పేరు రాయనా, అమ్మమ్మా?” అని అడిగింది రుజిరా.

“వద్దు. పుణ్యానికి అడ్రసెందుకు, అదేమన్నా పోస్టులో వస్తుందా?”

లారీ వెళ్ళిపోయింది. మండపంలో బీరువాలు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. ప్రనోమ్ అలవాటుగా చీపురు తీసి, ఊడవడానికేముందో తెలియక మళ్ళీ మూలన పెట్టింది. అప్పుడు పెద్దస్వామి ఎరువుల సంచిలో ఆఖరున మిగిలిన ఎర్ర సిన్‌ని తీసుకొచ్చి, ఆడమనిషి చేతికి ఇవ్వకూడదు కాబట్టి కంపున్ ముందు చాప మీద పెట్టారు.

“నేను మారకానికి ఇవ్వలేదు, స్వామీ. దానమే ఇచ్చాను,” అంది ఆమె.

“మారకం అని నేనన్నానా? వయసులో ఉన్నప్పట్నించీ రోజూ పొద్దున్నే నువ్వు మాకు పెడుతున్నావు. ఒక్కసారి మేం పెడితే పుచ్చుకోవా? అంత పొగరా?”

కంపున్ చేతులు జోడించింది. కళ్ళు తుడుచుకుంది. చాప మీంచి సిన్ తీసుకుంది.

ఇంటికి రాగానే కంపున్ ఎలుక కొట్టిన చోట కూతురి చేత అతుకు వేయించింది. తర్వాత ఇనప్పెట్టెలోంచి ఆ పట్టు చుట్ట తీసి విప్పింది. ఇన్నేళ్ళూ చీకట్లో ఉండటంతో దాని రంగు చెక్కుచెదరలేదు. వెలిసిన ఒంటి పక్కన అది వేరే సిన్‌దేమో అన్నంత ఎర్రగా ఉంది. పాత సూది రంధ్రాలు అటూ ఇటూ కలిపి చూసుకుంది. సరిపోయాయి.

“సూదిలో దారం ఎక్కించు,” అంది.

ప్రనోమ్ ఎక్కించి ఇచ్చింది. ముసలామె కళ్ళకి కుట్టు కనబడదు. వేలితో రంధ్రం తడిమి, అందులోనే సూది దించి, మళ్ళీ తడిమి, అలా కుట్టుకుంటూ పోయింది. ప్రనోమ్ పక్కనే కూర్చుని బీరకాయలు చెక్కు తీసింది. కొంతసేపటికి ఉండబట్టలేక అడిగింది.

“తెల్లగుడ్డ ఇచ్చేశావు. నీకేం కడతాం మరి?”

“ఇదే. ఇది కట్టండి. పెళ్ళికి ఒక్కసారే కట్టాను, దీంట్లో ఇంకా బోలెడు మన్నిక ఉంది.”

“నీ గుడ్డ పుస్తకానికి ఉంది కదా, పట్టుకోడానికి అంచు ఉన్నట్టే.”

“అది పుస్తకానికిచ్చింది. దాన్నిప్పుడు పెట్టెలో బంధించి గాలి యంత్రం కింద పెడతారు, అక్కడిదాకా పోయి నేనేం పట్టుకోను?” కంపున్ కుట్టిన మేర ఒళ్ళో పరిచి అరచేత్తో సాపు చేసింది. “ఇదుండగా ఇంకొకళ్ళ అంచు నాకెందుకే? నాది నేనే పట్టుకుని పోతాను. తట్టుకు పడకుండా కాస్త ఎత్తి పట్టుకుంటే సరి.”

ఆఖరి రంధ్రం దాకా కుట్టి ముడి వేసింది. దారం తెంపడానికి నోటి దగ్గర పెట్టుకుంది గాని, ముందు పళ్ళు ఎప్పుడో పోయాయి. రెండుసార్లు ప్రయత్నించి, విసుక్కుని, సిన్ పాదాన్ని కూతురి ముందుకి చాచింది.

ప్రనోమ్ చేతులు లంగాకి తుడుచుకుంది. అంచు పట్టుకుని, వంగి, దారం కొరికింది.